నొప్పి లేని నేరేడు రంగు మచ్చలు – సభ్యులు తెలుసుకొనవలసిన పాఠం



ఈ పుటల్లో సాధారణంగా పశుపోషణ, మేత, పాల నాణ్యత, సంఘాల లెక్కలను గురించి చెప్పుకుంటూ వస్తున్నాం. ఈసారి పశువును పోషించే మనిషి ఒంటిని గురించి ఒక పాఠం వ్రాయదలచాము. మేము వైద్యులం కాము. సహకార డిప్లొమా చదివి సంఘాల తనిఖీలో తల నెరిసినవాళ్ళం. అయినా ఈ విషయం వ్రాయడానికి మాకొక కారణం కలదు. ముందుగా అది చెప్పి, తరువాత పాఠంలోకి వెళ్తాము.

మేము చేసిన పొరపాటు

2023 సెప్టెంబరులో ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సంఘంలో సాయంకాలపు పాల సేకరణ సమయానికి తనిఖీకి వెళ్ళాము. టెస్టర్‌గా పనిచేస్తున్న కుర్రవాడు ఒక చేత్తో పాల నమూనాలు తీస్తూ, మరో చేత్తో రిజిస్టరులో వెన్న శాతం వేస్తున్నాడు. మోచేతి కింద ఆవగింజలంత చుక్కలు, నేరేడు పండు రంగులో, పది పదిహేను కనిపించాయి. "ఇవేమిటి బాబూ?" అని అడిగాము. "ఏమో సార్, కాళ్ళ మీద కూడా ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు. జ్వరం వచ్చి నిన్ననే తగ్గింది. ఒళ్ళునొప్పులకు దుకాణంలో బిళ్ళలు తెచ్చుకుని వేసుకున్నాను" అన్నాడు.

"నొప్పి లేదు కదా, అవే పోతాయిలే" అన్నాము. ఆ మాట అన్నది మేమే. అని, దాణా స్టాకు రిజిస్టరు తెప్పించుకున్నాము. అందులో రెండు కిలోల తేడా వస్తే దాని మీద అరగంట కూర్చున్నాము.

మరునాడు రాత్రి కార్యదర్శిగారు ఫోను చేశారు. కుర్రవాడికి చిగుళ్ళ నుండి రక్తం కారుతున్నది, కడుపునొప్పితో వాంతులు అవుతున్నవి, 108 బండిలో జిల్లా ఆసుపత్రికి తీసుకుని వెళ్తున్నామని చెప్పారు. డెంగీ అని తేలింది. రక్తంలో ప్లేట్‌లెట్లు 14 వేలకు పడిపోయాయి. ఆ కుర్రవాడి అదృష్టం, ఆసుపత్రివారి శ్రమ కలిసి పది రోజులకు ఇంటికి వచ్చాడు. మేము చూడబోయినప్పుడు అతని తల్లి మంచినీళ్ళు ఇచ్చి, "మీరు చూశారంట కదయ్యా. ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే తీసుకెళ్ళేవాళ్ళం" అన్నది. కోపంగా అనలేదు. అందుకే మాకు మరీ గుచ్చుకున్నది.

ఆ తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారి వద్ద రెండు మూడు సార్లు కూర్చుని అడిగి తెలుసుకున్నది, చదివి గ్రహించినది కలిపి ఈ పాఠంగా కూర్చాము. ఇందులో గుర్తుంచుకొనవలసినది ఒక్కటే: మచ్చకు నొప్పి లేనంత మాత్రాన అపాయం లేదని అనుకోరాదు. మచ్చతో పాటు ఇంకేమేమి ఉన్నాయో చూడవలెను.

మచ్చ ఎలా ఏర్పడుతుంది?

చర్మం కింద వెంట్రుక కంటె సన్నని రక్తనాళాలు ఉంటాయి. వాటిలోని రక్తం బయటికి కారి చర్మంలో నిలిచిపోతే పైకి ఎరుపుగానో, ఊదాగానో, నేరేడు రంగులోనో కనిపిస్తుంది. అది పుండు కాదు, వాపు కాదు కాబట్టి నొప్పి ఉండదు. కొద్ది రోజుల్లో ఆ రక్తం విరిగి, రంగు ఆకుపచ్చగా, పసుపుగా, గోధుమ రంగుగా మారి పోతుంది.

రక్తం ఇలా కారిపోకుండా ఒంట్లో మూడు కాపలాలు ఉన్నవి.

మొదటిది నాళపు గోడ. అది గట్టిగా ఉంటే రక్తం లోపలే ఉంటుంది.

రెండవది ప్లేట్‌లెట్లు. ఇవి రక్తంలో తిరిగే అతి చిన్న కణాలు. గోడకు చిల్లి పడగానే పరుగున పోయి అక్కడ అతుక్కుని చిల్లి మూస్తాయి. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు లక్షన్నర నుండి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఒక్కొక్కటి 8 నుండి 10 రోజులు మాత్రమే బ్రతుకుతుంది. ఎముక మూలుగలో కొత్తవి పుడుతూ ఉండవలెను.

మూడవది రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు. ఇవి ఎక్కువగా కాలేయంలో తయారవుతాయి. వాటిలో కొన్నింటికి విటమిన్ కె అవసరం. పాలకు తోడు సరిగా ఉంటేనే పెరుగు గట్టిగా పేరుకుంటుంది కదా. అలాగే ఈ పదార్థాలు సరిగా ఉంటేనే రక్తం గడ్డకడుతుంది.

ఈ మూడింటిలో ఏది చెడినా ఒంటిపై మచ్చలు రావచ్చును. మచ్చను చూచినప్పుడు "ఏ కాపలా తప్పింది?" అన్నదే వైద్యుడు వేసుకునే ప్రశ్న.

గాజు గ్లాసు పరీక్ష

ఇది ఇంటివద్ద ఎవరైనా చేయవచ్చును. పలుచని గాజు గ్లాసు తీసుకుని, దాని పక్క భాగాన్ని మచ్చ మీద పెట్టి నొక్కి, గాజులో నుండి చూడవలెను. మచ్చ రంగు మాయమైతే రక్తం ఇంకా నాళం లోపలే ఉన్నదని అర్థం. చాలా దద్దుర్లు ఇలా మాయమవుతాయి. నొక్కినా రంగు పోకుండా అలాగే ఉంటే రక్తం నాళం దాటి బయటికి వచ్చినదని అర్థం. మనం చెప్పుకుంటున్నవి ఈ రెండవ రకం మచ్చలే. నల్లని చర్మం మీద చుక్కలు త్వరగా కనపడవు. అరచేతులు, అరికాళ్ళు, కనురెప్ప లోపలి భాగం, నోటి అంగిలి వెలుతురులో చూడవలెను.

పరిమాణం కూడా గమనించవలెను. ఆవగింజ అంత చుక్కలు ఎక్కువగా ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు వస్తాయి. రూపాయి బిళ్ళంత, అరచేయంత కమిలిన మచ్చలు ఎక్కువగా గడ్డకట్టే పదార్థాల లోపం వల్లనో, దెబ్బ వల్లనో వస్తాయి. చేతితో తడిమితే మిట్టగా తగిలే మచ్చలు నాళపు గోడ వాచినందువల్ల కావచ్చును. ఇది స్థూలమైన లెక్క మాత్రమే.

కారణాలు ఒక్కొక్కటిగా

1. వయస్సు. అరవై దాటిన వారిలో ముంజేతుల మీద, అరచేతుల వెనుక భాగాన, దెబ్బ తగిలిన జ్ఞాపకం లేకుండానే నేరేడు రంగు మచ్చలు వస్తూ పోతూ ఉంటాయి. ఏళ్ళ తరబడి ఎండ సోకి చర్మం పలుచబడి నాళాలకు ఆనుదల తగ్గడమే దీనికి కారణం. గాటి కర్ర ఒరుసుకున్నా, బకెట్టు తగిలినా చాలు. ఇవి రెండు మూడు వారాలకు పోతాయి, ఒక్కొక్కప్పుడు గోధుమ రంగు మరక మిగులుతుంది. చుక్కలు చేతులకే పరిమితమై, మనిషి మిగతా అన్ని విధాలా బాగుంటే దీనికి భయపడనక్కరలేదు.

2. మందులు. గుండె జబ్బుకు, పక్షవాతానికి వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్ల పనిని తగ్గిస్తాయి. గుండె కవాటం మార్చినవారు వాడే రక్తం పలుచబరచే బిళ్ళలు గడ్డకట్టే పదార్థాలను తగ్గిస్తాయి. ఇవి ప్రాణం నిలిపే మందులే. మచ్చలు కనబడినవని సొంతంగా మానరాదు, డాక్టరుకు చూపించి మోతాదు సరిచూపించుకొనవలెను. అసలు జాగ్రత్త పడవలసినది దుకాణంలో అడిగి తెచ్చుకునే ఒళ్ళునొప్పుల బిళ్ళలతో. అలాగే కీళ్ళనొప్పులకు, ఆయాసానికి నెలల తరబడి స్టీరాయిడ్లు వాడితే చర్మం పలుచబడి చిన్న తాకిడికే కములుతుంది. "ఏదో ఒక బిళ్ళ వేసుకుంటే హాయిగా ఉంది" అనేవారు ఆ బిళ్ళ పేరేమిటో తెలుసుకొనవలెను.

3. డెంగీ. మా టెస్టర్ కథ ఇదే. పగటిపూట కుట్టే ఏడిస్ దోమ వల్ల వస్తుంది. తీవ్రమైన జ్వరం, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళు విరిచినట్లు నొప్పులు ఉంటాయి. ఇందులో మోసపోయే చోటు ఒకటి కలదు. మూడవ రోజు నుండి ఏడవ రోజు లోపల జ్వరం తగ్గుతుంది. ఇంటివారు గండం గడిచిందనుకుంటారు. నిజానికి అపాయం మొదలయ్యేది ఆ ఒకటి రెండు రోజులలోనే. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, విపరీతమైన నీరసం, మగతగా ఉండడం వీటిలో ఏది కనబడినా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. డెంగీ అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేసుకొనరాదు. అవి ప్లేట్‌లెట్లను పనిచేయనీయవు, కడుపులో రక్తస్రావానికి దారి తీస్తాయి. బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నాం కదా అని ఆసుపత్రికి వెళ్ళడం ఆలస్యం చేయరాదు.

4. పిల్లలలో. జలుబో, జ్వరమో వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు చక్కగా ఆడుకుంటున్న బిడ్డ ఒంటిపై హఠాత్తుగా చుక్కలు, మచ్చలు కనిపించవచ్చును. శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున తన ప్లేట్‌లెట్లనే నాశనం చేయడం వల్ల ఇది జరుగుతుంది. ఎక్కువమంది పిల్లలు ఆరు నెలలలోపే బాగుపడతారు. అయినా రక్తపరీక్ష, డాక్టరు పర్యవేక్షణ తప్పవు. అప్పటివరకు చెట్లెక్కడం, దెబ్బలు తగిలే ఆటలు మాన్పించవలెను. మరొక రకంలో పిరుదుల మీద, కాళ్ళ మీద తడిమితే తగిలే మచ్చలు వచ్చి, కడుపునొప్పి, కీళ్ళనొప్పులు కూడా ఉంటాయి. అది నాళపు గోడ వాపు. మచ్చలు తగ్గిన తరువాత కూడా కొన్ని నెలలపాటు మూత్రపరీక్ష చేయిస్తూ ఉండవలెను, ఎందుకంటే మూత్రపిండాలకు అది తగలవచ్చును.

5. ఎముక మూలుగ జబ్బులు. మచ్చలతో పాటు రోజురోజుకూ పాలిపోవడం, తగ్గని జ్వరం, మెడలో గడ్డలు, ఎముకల నొప్పి ఉంటే రక్త క్యాన్సరు కాదని తేల్చుకొనవలెను. ఈ మాట వినగానే ఆశ వదలుకునే రోజులు పోయినవి. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యెల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లలకు వాడి, ఆ జబ్బును కొంతకాలమైనా అణచవచ్చునని 1948లో ప్రకటించాడు. అదొక మొదలు. నేడు పిల్లలకు ఎక్కువగా వచ్చే రకం రక్త క్యాన్సరు సరైన చికిత్సతో చాలామందిలో నయమవుతున్నది. తొందరగా గుర్తించడమే మన వంతు.

6. కాలేయ వ్యాధి. ఏళ్ళ తరబడి సారా తాగినవారిలో, దీర్ఘకాలపు కామెర్లు ఉన్నవారిలో గడ్డకట్టే పదార్థాలు సరిగా తయారు కావు. కళ్ళు పచ్చబడడం, పొట్ట ఉబ్బడం, వాటితో పాటు కమిలిన మచ్చలు కనిపిస్తే అశ్రద్ధ చేయరాదు.

7. విటమిన్ సి లోపం. ఇక్కడ మన సరుకును గురించి మనమే నిజం చెప్పుకొనవలెను. పాలు మంచి ఆహారమే, కాని వాటిలో విటమిన్ సి బహు తక్కువ. కాచినప్పుడు ఉన్న కాస్తా తగ్గుతుంది. లండనులో థామస్ బార్లో అనే వైద్యుడు 1883లో పసిపిల్లలలో ఈ లోపపు జబ్బును వివరించాడు. డబ్బా ఆహారం, కాచిన పాలు మాత్రమే పట్టించిన పిల్లలలో అది తరచుగా కనిపించింది. ఈ లోపంలో చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, కాళ్ళమీద వెంట్రుకల మొదళ్ళ చుట్టూ చుక్కలు వస్తాయి. బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలు, ఆ తరువాత తల్లిపాలతో పాటు మెత్తని అన్నం, పప్పు, పండ్లు పెట్టవలెను. పళ్ళు లేవని ఏడాది పొడుగునా పాలన్నం, పెరుగన్నం మీదనే గడిపే వృద్ధులకు కూడా ఒక జామపండు గుజ్జో, నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడో అందేటట్లు చూడవలెను.

8. పాముకాటు. తెల్లవారుజామున గడ్డి కోతకు వెళ్ళే మన సభ్యులకు ఇది దగ్గరి విషయం. రక్తపింజర, చిన్నపింజర పాముల విషం రక్తం గడ్డకట్టే శక్తిని పాడుచేస్తుంది. కాటు వద్ద నొప్పి, వాపు ఉంటాయి గాని, ఒంటి మీద మిగతా చోట్ల వచ్చే మచ్చలకు నొప్పి ఉండదు. చిగుళ్ళ నుండి, మూత్రంలో రక్తం రావచ్చును. ఆసుపత్రిలో రోగి రక్తం కొద్దిగా శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్లే. కట్లు బిగించడం, కోయడం, మంత్రాల కోసం తిరగడం చేయక, కాటు పడిన అవయవాన్ని కదపకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి నేరుగా చేర్చవలెను. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో ఉండి మన తీరపు పాములను పరిశీలించి, 1796లో గ్రంథం ప్రకటించిన పాట్రిక్ రస్సెల్ పేరే ఇంగ్లీషులో రక్తపింజరకు పెట్టారు.

9. ఎలుకల మందు. దీనికి పెద్ద కథ కలదు. అది పాడి రైతుల కథ కాబట్టి విడిగా చెబుతాము.

పాల క్యానులో రక్తం

1920 తరువాతి సంవత్సరాలలో కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను పశువులు వింతగా చనిపోసాగాయి. కొమ్ములు కోసినా, కోడెలను విత్తు కొట్టినా రక్తం ఆగేది కాదు. కొన్నింటికి ఏ దెబ్బా లేకుండానే చర్మం కింద రక్తం చేరి ఉబ్బేది. స్వీట్ క్లోవర్ అనే మేతను తడిసి బూజు పట్టిన తరువాత వేయడమే కారణమని కెనడాలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. ఇది మన లూసర్న్ మేతకు దగ్గరి బంధువు. మంచి మేతతో హాని లేదు, బూజు పట్టినదే చంపుతున్నదని ఆయన చూపాడు. కాని బూజులో ఉన్న విషమేమిటో తెలియలేదు.

1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఒక రైతు మంచు తుపానులో సుమారు 190 మైళ్ళు బండి నడుపుకుంటూ ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, సుమారు 100 పౌన్ల చెడిపోయిన మేత, ఒక పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తం ఉన్నాయి. అక్కడి శాస్త్రజ్ఞుడు కార్ల్ పాల్ లింక్ ఆ రోజు అతనికి మేత మార్చమని చెప్పడం తప్ప పెద్దగా ఏమీ చేయలేకపోయాడు. కాని ఆ క్యానును మరచిపోలేదు. ఆయన బృందం ఆరేళ్ళు కష్టపడి 1939లో ఆ విషాన్ని వేరు చేసింది. దానికి డైకుమరాల్ అని పేరు పెట్టారు. అది విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది, అందువల్ల రక్తం గడ్డకట్టదు.

దాని వరుసలోనే మరింత బలమైన వార్ఫరిన్ తయారై 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. 1954 నుండి అదే పదార్థాన్ని తగిన మోతాదులో మనుషులకు రక్తం గడ్డలు కట్టకుండా వైద్యానికి వాడుతున్నారు. ఒక రైతు నష్టం నుండి లక్షలమందికి మందు పుట్టింది.

ఇప్పుడు మన గోదాముల్లో దాణా బస్తాల మధ్య ఎలుకలకు పెట్టే బ్రోమడయొలోన్ బిళ్ళలు ఆ జాతివే, ఇంకా ఎక్కువ కాలం పనిచేసేవి. పసిపిల్లవాడు దానిని మిఠాయి అనుకుని కొరికితే వెంటనే ఏమీ కాదు. ఏడవడు, వాంతి చేసుకోడు. రెండు మూడు రోజులకు గాని ఒంటిపై నొప్పి లేని మచ్చలు, ముక్కు నుండి రక్తం కనిపించవు. అప్పటికి బిళ్ళ సంగతి అందరూ మరచిపోతారు. బిడ్డ కొరికినాడని అనుమానం వస్తే మచ్చల కోసం ఎదురుచూడకుండా, ఆ పొట్లం కాగితంతో సహా ఆసుపత్రికి తీసుకుని వెళ్ళవలెను. దీనికి విటమిన్ కె మంచి విరుగుడు. కొన్ని వారాలు వాడవలసి రావచ్చును. ఎలుకల మందును దాణాతో గాని, తినే వస్తువులతో గాని కలిపి ఉంచరాదు. పెట్టెలో తాళం వేసి ఉంచవలెను.

చూపుకు దగ్గరగా ఉండే మరికొన్ని

గడ్డిలో ఉండే చిన్న పురుగు కుట్టినచోట, ముఖ్యంగా చంకలో, గజ్జలలో, నడుము వద్ద, సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి పక్కు ఏర్పడి, నొప్పి లేకుండా ఉండి, జ్వరం వస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చును. తొందరగా గుర్తిస్తే డాక్టరు వ్రాసే మామూలు మందులతో నయమవుతుంది. చచ్చిన పశువును కోసిన లేక మోసిన తరువాత చేతిమీద నొప్పి లేని నల్లటి పుండు లేస్తే దొమ్మరోగం అనుమానించి వెంటనే వెళ్ళవలెను. స్పర్శ లేని పాలిన లేక ఎర్రని మచ్చ కుష్ఠు కావచ్చును, దానికి మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. నేరేడు రంగులో ఉండి విపరీతంగా దురద పెట్టే మిట్ట మచ్చలు వేరే చర్మవ్యాధి. వీటిలో ఏదీ మనం పైనుంచి చూసి తీర్మానించవలసినది కాదు.

ఎప్పుడు వెళ్ళవలెను?

వెంటనే, గంట కూడా ఆగకుండా: మచ్చలతో పాటు జ్వరం, మెడ బిగుసుకొనడం, మగత ఉన్నప్పుడు. ఇది మెదడు పొరల జ్వరం కావచ్చును, గంటలలో ప్రాణం తీస్తుంది. చిగుళ్ళ నుండి, ముక్కు నుండి, మూత్రంలో, విరేచనంలో రక్తం వచ్చినప్పుడు. పాముకాటు, ఎలుకల మందు అనుమానం ఉన్నప్పుడు. గర్భిణీకి మచ్చలు వచ్చినప్పుడు.

అదే రోజు లేక మరునాటికి: జ్వరం తగ్గిన వారం లోపల చుక్కలు కనబడినప్పుడు, పిల్లల ఒంటిపై కారణం లేకుండా మచ్చలు వచ్చినప్పుడు, రక్తం పలుచబరచే మందులు వాడేవారికి కొత్తగా మచ్చలు పెరుగుతున్నప్పుడు.

వారం లోపల: మచ్చలు మళ్ళీ మళ్ళీ వస్తూ, మనిషి నీరసించి పాలిపోతున్నప్పుడు.

తొందర లేదు, వచ్చిన పనిమీద చూపిస్తే చాలు: వృద్ధుల ముంజేతులపై అప్పుడప్పుడు వచ్చి పోయే మచ్చలు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు వాడుతున్న బిళ్ళలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళవలెను. మొదట చేసే పరీక్ష సామాన్యమైన రక్తపరీక్షే, ప్లేట్‌లెట్ల లెక్క దానిలోనే వస్తుంది. మచ్చమీద సున్నం పూయడం, వాతలు పెట్టడం, రుద్దడం వల్ల ప్రయోజనం లేదు, హాని కలదు.

లాక్టోమీటరు ఒక్కటే చూసి మనం పాలు మంచివని సంతకం చేయము. వెన్న తీసి నీళ్ళు కలిపితే లాక్టోమీటరు మోసపోతుందని అందరికీ తెలుసు. అందుకే వెన్న శాతం కూడా చూస్తాము. అలాగే "నొప్పి లేదు" అన్న ఒక్క గుర్తు చూసి మనిషికి బాగుందని తీర్మానించరాదు.

సంఘం చేయగల పని

పాల కేంద్రానికి ఊరి జనంలో సగం మంది రోజుకు రెండు పూటలా వచ్చి చేయి చాస్తారు. ఆ చేతులను చూచే అవకాశం ఇంకెవరికీ లేదు. కార్యదర్శులు, టెస్టర్లు కనబడిన మచ్చను గురించి ఒక మాట అడుగవలెను, గ్రామంలోని ఆశా కార్యకర్తకు చెప్పవలెను. పశువుల నీళ్ళ తొట్లను, కేంద్రం వద్ద క్యాన్లు కడిగే తొట్టిని వారానికి ఒకసారి పూర్తిగా వంపి, గోడలు రుద్ది ఆరబెట్టవలెను. ఏడిస్ దోమ నిలవ నీటిలోనే పెరుగుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. దగ్గరి ఆసుపత్రి, 108 నంబర్లు నోటీసు బోర్డుపై పెద్ద అక్షరాలతో వ్రాయించవలెను.

సర్వసభ్య సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. గాజు గ్లాసుతో నొక్కినప్పుడు మచ్చ మాయం కాకపోతే ఏమని అర్థం?
2. డెంగీలో జ్వరం తగ్గిన రోజు ఎందుకు జాగ్రత్తగా ఉండవలెను? ఏ బిళ్ళలు వేసుకొనరాదు?
3. మన సంఘం గోదాములో ఎలుకల మందు ఎక్కడ ఉన్నది? తాళం ఎవరి వద్ద ఉన్నది?
4. మన ఇళ్ళలో పాలన్నం తప్ప వేరే తినని వృద్ధులు ఎవరైనా ఉన్నారా?

ఆ టెస్టర్ కుర్రవాడు ఇప్పుడు అదే కేంద్రంలో పనిచేస్తున్నాడు. మొన్న తనిఖీకి వెళ్ళినప్పుడు ఒక ముసలమ్మ పాలు పోస్తూ ఉంటే, నమూనా తీయడం ఆపి, "అవ్వా, చేతి మీద ఈ మచ్చలేంటి? జ్వరమేమైనా వచ్చిందా?" అని అడిగాడు. జ్వరం లేదు, వయస్సు మచ్చలే. అయినా అడిగాడు. మేము ఆ రోజు అడిగి కూడా వదిలేసిన మాట అదే. స్టాకు రిజిస్టరు తెరవడానికి ముందు మేమూ ఇప్పుడు అందరి చేతులూ చూస్తున్నాము.